శంకుస్థాపనకూ ప్రారంభోత్సవానికీ మధ్య

దుర్గ్‌లో బయలుదేరి దక్షిణానికి తిరిగే రైలుమార్గంలో తొలి స్టేషన్లలో ఒకటి మరోదా. భిలాయ్ ఉక్కు కర్మాగారానికి నీరిచ్చే జలాశయం పేరూ, ఆ చుట్టుపక్కల వెలిసిన ఉక్కు ఉద్యోగుల నివాసాల పేరూ అదే. దల్లీ రాజహరా గనుల ఇనుప ఖనిజం దశాబ్దాలుగా ఈ పట్టాల మీదుగానే కొలుములకు చేరుతోంది. ఆ గనులు తరిగిపోతున్నాయి కనుక ఇంకా దక్షిణాన ఉన్న రావ్‌ఘాట్ కొండల ఖనిజం కోసం, ఆపైన బస్తర్ కోసం, మార్గాన్ని జగదల్‌పూర్ దాకా పొడిగించాలని 2007 డిసెంబరులో రైల్వే, సెయిల్, ఎన్‌ఎండీసీ, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఒప్పందం రాసుకున్నాయి. మొత్తం 235 కిలోమీటర్లు. రావ్‌ఘాట్ వరకు తొలి దశ 95, మిగిలిన 140 రెండో దశ. ప్రయాణికుల రైలు భానుప్రతాప్‌పూర్ చేరింది 2018 ఏప్రిల్ 14న, ప్రధాని జెండా ఊపగా. అంతాగఢ్ చేరింది 2022 ఆగస్టులో. అంటే దాదాపు 60 కిలోమీటర్ల కొత్త దారికి పదిహేనేళ్లు పట్టింది.

ఈ పదిహేనేళ్ల పత్రికలు తిరగేస్తే ప్రధానంగా రెండు రకాల వార్తలు కనిపిస్తాయి. ఒకటి సంతకాలు, శంకుస్థాపనలు. రెండు, పచ్చజెండాలు. నడుమ భద్రతా బలగాల మీద దాడి జరిగినప్పుడో, మంత్రిగారు పర్యటించినప్పుడో నాలుగు ముక్కలు. ఆ మార్గం ఎందుకు ఆగింది, ఏ పని ఏ పని కోసం ఎదురుచూసింది, అటవీ అనుమతి ఆలస్యమా, భూమి ఆలస్యమా, గుత్తేదారు ఆలస్యమా, వీటిలో ఏది తక్కినవాటిని పట్టి ఆపింది అన్న ప్రశ్నకు జవాబు వార్తల్లో దొరకదు. ప్రశ్నే లేనప్పుడు జవాబు ఎక్కడిది?

విశ్వవిద్యాలయాల్లో జర్నలిజం, కమ్యూనికేషన్ చదివే పిల్లలకు ప్రాజెక్టు నిర్వహణ ప్రాథమికాంశాలు తప్పనిసరిగా నేర్పాలని నేను అనడానికి మూలం ఇక్కడుంది. ఈ మాట అనగానే పాతతరం సంపాదకులు ముఖం చిట్లిస్తారు. అది ఎంబీయే వాళ్ల చదువు, విలేకరికి వార్త వాసన పసిగట్టే ముక్కు ఉంటే చాలు అంటారు. ముక్కు అవసరమే. కానీ స్వతంత్ర భారతంలో రాజకీయమంతా ప్రాజెక్టుల రూపంలోనే జరుగుతోంది. ఆనకట్ట, రాజధాని, మెట్రో, ఉక్కు కర్మాగారం, ఇంటింటికీ కుళాయి: ఓటు అడిగేది వీటి పేరునే, ఓటు పోయేది వీటి పేరునే. ఏ వస్తువు మీద రాజకీయం నడుస్తోందో దాని లోపలి యంత్రాంగం తెలియని విలేకరి, మంత్రి చెప్పిన తేదీని రాసుకుని వచ్చే గుమాస్తాగా మిగులుతాడు.

ఇంతకీ ఆ ప్రాథమికాంశాలు ఎన్ని? ఒక పనిని చిన్న చిన్న పనులుగా విడగొట్టడం. ఏది ముగిస్తే ఏది మొదలవుతుందో గుర్తించడం. వాటిలో ఏ వరుస ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో కనిపెట్టడం. దీన్నే క్రిటికల్ పాత్ అంటారు, కీలక మార్గం అనుకోవచ్చు. మిగిలిన పనులకు ఎంత వెసులుబాటు ఉందో లెక్కించడం. మొదట అనుకున్న ప్రణాళికను చెరిపేయకుండా పక్కన ఉంచుకుని ప్రతి మార్పునూ దానితో పోల్చడం. అంతకు మించి మొదటి ఏడాది విద్యార్థికి అక్కర్లేదు.

ఇందులో పరాయి విద్య ఏదీ లేదు. రాత్రిపూట పత్రిక డెస్కులో పనిచేసిన ఎవరికైనా ఇది ఒంటికి తెలిసిన సంగతే. దూరపు మండలాలకు వెళ్లే ఎడిషన్ ముందు అచ్చవుతుంది, నగరం ఎడిషన్ చివర. సినిమా పేజీ సాయంత్రమే కట్టి పెట్టుకోవచ్చు. అది గంట ఆలస్యమైనా కొంప మునగదు. మొదటి పేజీ పది నిమిషాలు ఆలస్యమైతే ప్లేటు ఆలస్యం, ప్లేటు ఆలస్యమైతే యంత్రం ఆలస్యం, యంత్రం ఆలస్యమైతే వ్యాను ఆలస్యం, వ్యాను ఆలస్యమైతే తెల్లవారి ఏజెంటు ఫోను. రోజూ అర్ధరాత్రి ఈ లెక్కతో బతికే మనుషులే మర్నాడు ఒక మంత్రి నోట "తొంభై శాతం పనులు పూర్తయ్యాయి" అన్న మాట వింటే కళ్లు మూసుకుని శీర్షిక పెడతారు. తొంభై శాతం దేంట్లో? ఖర్చులోనా, మట్టి పనిలోనా, కాంక్రీటులోనా? మిగిలిన పది శాతంలో ఏముంది? మొదటి పేజీ తప్ప తక్కిన పేజీలన్నీ సిద్ధమైన పత్రిక కూడా తొంభై శాతం పూర్తయినట్టే లెక్క. దాన్ని ఎవరూ అచ్చు వేయరు.

పోలవరాన్ని ఈ కళ్లతో చూడండి. 2014 పునర్విభజన చట్టం దాన్ని జాతీయ ప్రాజెక్టు చేసింది. ఆ తర్వాత వినిపించిన గడువులు లెక్క పెట్టుకుంటే వేళ్లు చాలవు. 2019 జనవరిలో 24 గంటల్లో 32 వేల ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు సాధించారు. పత్రికలు పండగ చేసుకున్నాయి. ఆ పని చేసిన ఇంజినీర్లను, కూలీలను తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఆనాడు ప్రాజెక్టును పట్టి ఆపుతున్నది కాంక్రీటు కాదు. కాఫర్ డ్యామ్‌ను పూర్తి ఎత్తుకు లేపితే వరద నీరు వెనక్కి తన్నుతుంది, 41.15 మీటర్ల కాంటూరు లోపలి గ్రామాలను అప్పటికే ఖాళీ చేయించి పునరావాసం కల్పించి ఉండాలి. అది జరగలేదు. జరగలేదు కనుక కాఫర్ డ్యామ్‌లలో ఖాళీలు మిగిలాయి. ఆ ఖాళీల గుండా గోదావరి వరద ఉరవడిగా దూకి నదీగర్భాన్ని కోసింది, ప్రధాన డ్యామ్‌కు పునాది అయిన డయాఫ్రమ్ వాల్ దెబ్బతింది. నష్టం ఎవరి హయాంలో జరిగింది, ఎవరు ముందు తప్పు చేశారు అన్న దాని మీద రెండు ప్రాంతీయ పార్టీలు ఈనాటికీ ఒకరినొకరు దులుపుకుంటున్నాయి. కొత్త గోడ పని మొదలయింది 2025 జనవరిలో.

నేను చెప్పదలచింది ఏ పార్టీది తప్పన్నది కాదు. ఆ ప్రాజెక్టు కీలక మార్గం స్పిల్‌వే మీదుగా కాక దేవీపట్నం, కూనవరం, వేలేరుపాడు గ్రామాల మీదుగా పోయింది. కొండరెడ్డి, కోయ కుటుంబాలకు ఇల్లు, భూమి, పరిహారం ఇవ్వడం అనే పని, ప్రాజెక్టు ముగిశాక తీరిగ్గా చేసే దానధర్మం కాదు. అది అయితే తప్ప మరో పని ముందుకు కదలదు. పని వరుస గీసిన పటం ఒక్కటి చేతిలో ఉన్న విలేకరి, గిన్నిస్ సంబరం జరుగుతున్న రోజునే పునరావాస కాలనీకి వెళ్లి ఉండేవాడు. మానవీయ కథనం కోసమని కాదు, అసలు సాంకేతిక వార్త అక్కడే ఉంది కనుక. మన పత్రికలు మాత్రం కాంక్రీటును ఇంజినీరింగ్ వార్తగా, నిర్వాసితులను కన్నీటి వార్తగా వేరు వేరు పేజీల్లో వేశాయి. వాటి మధ్య బాణం గుర్తు గీసినవాళ్లు బహుతక్కువ.

భిలాయ్‌నే తీసుకుంటే ఇంకో సంగతి తెలుస్తుంది. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం జరిగింది 1955 ఫిబ్రవరి 2న. రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించింది 1959 ఫిబ్రవరి 4న. నాలుగేళ్ల రెండు రోజులు. క్రిటికల్ పాత్ పద్ధతిని అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ రూపొందించుకున్నది 1957 ప్రాంతంలో, దాని సోదర పద్ధతి పెర్ట్ అమెరికన్ నౌకాదళపు పొలారిస్ క్షిపణి కోసం పుట్టింది 1958లో. అంటే ఇవాళ పాఠ్యపుస్తకాల్లో ఉన్న పటాలు ఇంకా పురిట్లో ఉన్న రోజుల్లోనే, పొలాలూ అడవులూ ఉన్న చోట ఒక కర్మాగారం లేచింది. పటాలే ప్రాజెక్టులను కడతాయన్న భ్రమ విద్యార్థికి కలగకుండా చూడడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఆ కొలుముల్లో పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వేలాది కుటుంబాలు భిలాయ్ సెక్టార్లకు చేరాయి. సెక్టార్ 5లో బాలాజీ గుడి కట్టుకున్నాయి. వాళ్లు వదిలి వచ్చిన ఉత్తరాంధ్ర గడ్డ మీద ఉక్కు కర్మాగారం కోసం 1966లో 32 మంది ప్రాణాలు పోయాయి. ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన చేసింది 1970 ఏప్రిల్ 17న, శంకుస్థాపన 1971 జనవరి 20న. పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. భిలాయ్‌కు నాలుగేళ్లు, విశాఖకు ఇరవై ఒకటిన్నర. ఈ తేడాకు మనం దశాబ్దాల తరబడి చెప్పుకున్న ఒకే కారణం ఢిల్లీ వివక్ష. వివక్ష లేదని నేను అనను. కానీ సోవియట్ సహకారపు ఒప్పందం కుదిరింది 1979లో, రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది 1982లో. విదేశీ సహకారం, నిధులు, నిర్వహించే సంస్థ ఇవేవీ తేలకముందే 1971లో రాయి వేశారన్న మాట. శంకుస్థాపన పని మొదలైందనడానికి గుర్తు కాదని ఆనాటి జనానికి ఎవరైనా విడమరిచి చెప్పి ఉంటే, ఉద్యమం రాయి దగ్గర చల్లారకుండా, ప్రతి బడ్జెట్ దగ్గరా నిలదీసి ఉండేదేమో. 2021 జనవరిలో కేంద్రం ఆ కర్మాగారంలో తన వాటాను వంద శాతం అమ్మేయాలని నిర్ణయించినప్పుడూ, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించినప్పుడూ జరిగింది అదే. ప్రకటన రోజు హోరు, ఆ తర్వాత ఏ విడత ఎప్పుడు వచ్చింది, దేనికి పోయింది అన్న దాని మీద మౌనం.

ఇప్పుడు రెండో వైపు. ప్రాజెక్టు నిర్వహణ అనేది అమాయకమైన విద్య కాదు. అది క్షిపణుల కోసం, రసాయన కర్మాగారాల కోసం, యజమాని కళ్లతో తయారైన చూపు. ఆ పుస్తకాల్లో ఎదురు తిరిగే గ్రామం "రిస్కు" అనే గడిలో చేరుతుంది. రావ్‌ఘాట్ కొండను పవిత్రంగా చూసే ఆదివాసీ, తన ఊరికి అటవీ హక్కుల చట్టం ఇచ్చిన గ్రామసభ ఉందని గుర్తు చేసే మనిషి, పట్టికలో అడ్డంకిగా మారిపోతాడు. అతణ్ని అడ్డంకిగా కాక పౌరుడిగా చూడడం పత్రికా రచన పని. అందుకే ఈ పాఠాన్ని మేనేజ్‌మెంట్ విభాగం నుంచి అధ్యాపకుణ్ని అరువు తెచ్చుకుని చెప్పించడం సరిపోదు. జర్నలిజం విభాగమే, తన సంశయాలతో సహా, చెప్పాలి.

భిలాయ్‌లో ఆ సంశయాలకు కావలసినంత చరిత్ర ఉంది. దల్లీ రాజహరా గనుల్లోనూ ఆ తర్వాత భిలాయ్ పరిశ్రమల్లోనూ కాంట్రాక్టు కార్మికులను కూడగట్టిన శంకర్ గుహా నియోగిని 1991 సెప్టెంబరు 28న నిద్రలో ఉండగా కాల్చి చంపారు. మరుసటి ఏడాది జులై 1న రైలు పట్టాల మీద బైఠాయించిన కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. పదిహేను మందికి పైగా చనిపోయారు. 2018 జూన్ 14న ప్రధాని విస్తరించిన కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. అదే ఏడాది అక్టోబరు 9న కోక్ ఓవెన్ గ్యాసు గొట్టం వద్ద నిర్వహణ పనులు చేస్తుండగా మంటలు లేచి పది మందికి పైగా సిబ్బంది మరణించారు. పని పటంలో అలాంటి మరమ్మతు ఒకే ఒక్క గీత. ఆ గీత వెనుక ఎవరు నిలబడి ఉన్నారు, వాళ్లు సొంత ఉద్యోగులా కాంట్రాక్టు వాళ్లా, గ్యాసు ఆపి పని చేయించారా ఆపకుండానా అని అడగాలంటే ముందు ఆ గీత ఉందని తెలియాలి. పటం చదవడం రాని వాడు పటాన్ని విమర్శించలేడు.

ఇక విశ్వవిద్యాలయాల సంగతి. భిలాయ్ పిల్లలకు అందుబాటులో, రాయ్‌పూర్ శివార్లలో, జర్నలిజానికే కేటాయించిన విశ్వవిద్యాలయం ఉంది. 2005లో కుశాభావు ఠాక్రే పేరిట మొదలైంది. 2020లో కాంగ్రెస్ ప్రభుత్వం దాని పేరు మార్చి చందూలాల్ చంద్రాకర్ పేరు పెట్టాలని తలపెట్టింది. ఒకరు బీజేపీ నిర్మాతల్లో ఒకరు, మరొకరు పత్రికా సంపాదకుడిగా పనిచేసి దుర్గ్ నుంచి పార్లమెంటుకు వెళ్లిన కాంగ్రెస్ నాయకుడు. శాసనసభలో కావలసినంత వేడి పుట్టింది. ఆ విశ్వవిద్యాలయం లోపల ఏం చెబుతున్నారన్న దాని మీద అందులో పదో వంతు వేడి పుట్టినా సంతోషించేవాణ్ని. హైదరాబాదులో, విశాఖలో, తిరుపతిలో పరిస్థితి వేరుగా ఉందని అనుకోను. ప్రాజెక్టు నిర్వహణ అన్న మాట చాలా చోట్ల సిలబస్‌లోకి ఈవెంట్ మేనేజ్‌మెంట్ వేషంలో వస్తోంది: వేదిక, బ్యానరు, ప్రెస్ కిట్, ముఖ్య అతిథి. అంటే మనం తయారు చేస్తున్నది శంకుస్థాపనను ప్రశ్నించే విలేకరిని కాదు, శంకుస్థాపనను చక్కగా జరిపించే నిర్వాహకుణ్ని. ఆ ఉద్యోగం అగౌరవమని కాదు. అయితే ప్రజాధనంతో నడిచే జర్నలిజం విభాగం అంతటితో తృప్తి పడడం విచారకరం.

నా దృష్టిలో ఈ పాఠానికి పుస్తకం అక్కర్లేదు. ఒక కాగితం, ఒక సమాచార హక్కు దరఖాస్తు చాలు. 2005 చట్టం ప్రకారం అధికారి జవాబు ఇవ్వడానికి 30 రోజులు. ఇవ్వకపోతే మొదటి అప్పీలు, దానికి మళ్లీ 30 రోజులు, కారణం చూపితే 45. అంటే సెమిస్టర్ చివర పరిశోధనాత్మక కథనం సమర్పించవలసిన విద్యార్థి మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టి ఉండాలి. ఇంటర్వ్యూలకూ ఫొటోలకూ వెసులుబాటు ఉంది, దరఖాస్తుకు లేదు. ఒక్కసారి ఆ దెబ్బ తిన్న విద్యార్థికి కీలక మార్గం అంటే ఏమిటో జీవితంలో మరచిపోడు. ఆ పైన ప్రతి విద్యార్థికీ తన జిల్లాలోని ఒక ప్రభుత్వ ప్రాజెక్టును డిగ్రీ మూడేళ్ల పాటూ అప్పగించాలి. 150 కోట్లు, ఆపైన వ్యయమయ్యే కేంద్ర ప్రాజెక్టుల మొదటి అంచనా, సవరించిన అంచనా, మొదటి గడువు, సవరించిన గడువు కేంద్ర గణాంక శాఖ నివేదికల్లో వరుసగా దొరుకుతాయి. వాటిని కాగ్ నివేదికతో, మంత్రి శాసనసభలో ఇచ్చిన జవాబుతో పక్కపక్కన పెట్టి తేదీల చిట్టా రాయించాలి. మూడేళ్లలో గడువు ఎన్నిసార్లు జరిగింది, జరిగిన ప్రతిసారీ ఏ కారణం చెప్పారు అన్నది రాసిన ఆ నోట్‌బుక్కు, ఆ జిల్లాలో ఏ పార్టీ కార్యాలయంలోనూ ఉండని ఆస్తి.

ఇంకో ప్రయోజనం కూడా ఉంది, దాన్ని కాస్త సంకోచంతోనే చెబుతాను. ఒక కథనానికి ఎన్ని గంటలు పడుతుందో లెక్క కట్టడం వచ్చిన యువ విలేకరి, తన గంటలకు ఎంత ఇస్తున్నారని కూడా లెక్క కడతాడు. ఆరు నెలల జీతం లేని ఇంటర్న్‌షిప్పుల మీద, కమీషన్ మీద బతికే కంట్రిబ్యూటర్ల మీద నడిచే మన పత్రికా రంగానికి ఈ లెక్క అంతగా రుచించకపోవచ్చు.

మరోదా దగ్గరికి తిరిగి వస్తాను. 2025 మేలో రావ్‌ఘాట్–జగదల్‌పూర్ మార్గానికి 3,513 కోట్లతో ఆమోదం లభించిందని వార్త వచ్చింది. 140 కిలోమీటర్లు. బస్తర్‌కు వరం అన్నారు, చారిత్రక నిర్ణయం అన్నారు. చాలా చోట్ల అది సరికొత్త ప్రాజెక్టుగానే అచ్చయింది. అది 2007 నాటి కాగితంలోని రెండో దశ. దాని కోసమే 2016లో బస్తర్ రైల్వే ప్రైవేట్ లిమిటెడ్ అని ఒక కంపెనీని కూడా పెట్టారు. ఆ కంపెనీ తొమ్మిదేళ్లలో ఏం చేసింది, ఎంత ఖర్చు పెట్టింది, సేకరించిన భూమి ఎవరి చేతిలో ఉంది, కొత్త ఆమోదంలో ముగింపు తేదీ ఏది? దుర్గ్ నుంచి రాయ్‌పూర్‌కు రోజూ రైలెక్కి చదువుకునే ఏ పిల్లవాడైనా ఈ నాలుగు ప్రశ్నలతో ఒక దరఖాస్తు రాయవచ్చు. ఫీజు పది రూపాయలు.